కొండ మూసిన రోజుల్లో మా అక్క గుండు

మా అక్క తాయమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకాకపోతే మానుకోవచ్చు కదా, మానుకోదు. ఒక్క గుండు కోసం ఆమె ఆడిన అబద్ధాలూ, వాటిని మోయలేక మేం పడ్డ పాట్లూ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కది తిరుపతిలో కొర్లగుంట. ఈ కథ జరిగేనాటికి యాభై రెండేళ్ల మనిషి. ఇంటి వసారాలో గ్రైండరు పెట్టుకొని ఇరవై ఏళ్లుగా దోసెల పిండి అమ్ముతోంది. ఆ వీధిలో సగం ఇళ్లలో పొద్దున పెనం మీద పడేది మా అక్క పిండే. మా బావ కుప్పయ్య కూరగాయల మార్కెట్లో మూటలు దించుతాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటాడు. ఒక్కతే కూతురు, శ్రీకాళహస్తిలో కాపురం.

నా పేరు అమల. అక్క కంటే పన్నెండేళ్లు చిన్న. అమ్మ పోయేటప్పటికి నాకు ఆరేళ్లు, అప్పటి నుంచి నాకు తిండి పెట్టింది, జడ వేసింది, వీపు మీద నాలుగు తగిలించింది అంతా అక్కే. నా పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు, అదిప్పుడు అనవసరం. జీవకోనలో ఒక్కదాన్నే ఉంటూ, పద్నాలుగేళ్లుగా మందుల షాపులో పని చేస్తున్నాను. డాక్టర్లు ఎంత గిలికి రాసినా చదివేస్తాను. మా చుట్టాల్లో ఎవరికి తుమ్మొచ్చినా ముందు ఫోను నాకే. ఆ గర్వం నాకు కొంచెం ఉండేదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

రెండువేల ఇరవై జనవరిలో అక్క రొమ్ములో గడ్డ సంగతి బయటపడింది. బయటపడింది అంటే, ఎనిమిది నెలలుగా వేడిగడ్డ అనుకుంటూ పసుపూ సున్నమూ పట్టించి దాచిపెట్టుకున్నది కాస్తా, ఒకరోజు రవిక విప్పుతుంటే నా కంటపడింది. ఆస్పత్రికి ఈడ్చుకుపోయాను. పరీక్షలన్నీ చేసి కేన్సర్ అన్నారు. ముందు ఆరు డోసుల కీమో, మూడు వారాలకొకటి, సెలైనులో ఎక్కిస్తారు. గడ్డ బాగా తగ్గితే ఆ గడ్డ వరకే తీసేసి రొమ్మును నిలపవచ్చని డాక్టరు చెప్పింది. వినడానికి ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు.

అక్కకు అర్థమైంది మాత్రం వేరే. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే తన కంచం, చెంబు విడిగా పెట్టుకుంది. "ఇది అంటురోగం కాదక్కా" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నీకు తెలిస్తే సాలా? వీధిలోవాళ్లకు తెలియద్దా? పిండి అమ్మేదాన్ని. ఈ జబ్బు పేరు ఇంటే నా పిండి ఎవురు కొంటారు? ఎవురికీ సెప్పబాక. నా మీద ఒట్టు" అంది.

ఒట్టు వేయించుకుంది. అక్కడ మొదలైంది మా ఖర్మ.

మొదటి డోసు జనవరి ముప్పైన పడింది. ఫిబ్రవరి నడిమికి జుట్టు పిడికిళ్లతో రాలడం మొదలైంది. ఇంకే ఊళ్లోనైనా ఆడమనిషి గుండుతో కనపడితే వీధంతా ఆగి చూస్తుంది. తిరుపతిలో ఎవరు చూస్తారు? బస్టాండులో దిగినవాళ్లలో సగం గుండ్లే. అక్క బస్సెక్కి కొండకు పోయి, కల్యాణకట్టలో ఆ ఉన్న నాలుగు వెంట్రుకలూ ఇచ్చేసి, నెత్తికి గంధం పూసుకుని దిగింది. వీధిలో లడ్డూ కూడా పంచింది.

"రాలిపోయే జుట్టు ఇస్తే సామి ఊరుకుంటాడా?" అన్నాను.

"పోయేది ఎట్లా పోతాది. మోరీలో పడేదానికంటే సామికిస్తే పుణ్యమన్నా వస్తాది. సామి ఏమన్నా లాగి సూస్తాడా?"

మొక్కు దేనికని అడిగిన వాళ్లకు, కూతురు కడుతున్న ఇల్లు నిర్విఘ్నంగా పూర్తి కావాలని చెప్పింది. కూతురు ఇల్లు కట్టడం లేదు. పునాది కూడా తియ్యలేదు. వారం తిరక్కుండా చుట్టాలంతా ఆ పిల్లకు ఫోన్లు చేసి గృహప్రవేశం ఎప్పుడని అడగడం మొదలుపెట్టారు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. మా అక్క ఆడితే నాలుగు వైపులా కారిపోతుంది.

పైగా మొక్కు ఇచ్చిన గుండుకు నెల తిరిగేసరికి జుట్టు రావాలి కదా. అక్కకు రెండో డోసు, మూడో డోసు పడుతున్నాయి, తల నున్నటి వంకాయలా అలాగే ఉంది. దానికీ ఉపాయం ఆలోచించి పెట్టుకుంది.

"మార్చి కడాన ఇంకోతూరి కొండకు పోయొచ్చినానని సెప్తా."

"ఎన్ని గుండ్లక్కా?"

"మూడు మొక్కుకున్నానంటా. నా మొక్కు, నా తల, నడమ నీకేం?"

మార్చి ఇరవైన కొండ మూసేశారు. కరోనా వల్ల దర్శనాలు లేవు, బస్సులు లేవు, కల్యాణకట్ట లేదు. అలాంటిది మా తరంలో ఎవరూ చూడలేదు. ఊరు ఊరంతా తలెత్తి ఖాళీ ఘాటు రోడ్డు వైపు దిగులుగా చూస్తుంటే, మా అక్క దిగులు ఇంకొకటి. "సామి తలుపులేసుకున్నాడు. నా గుండుకు సాచ్చెం లేకుండా పాయె" అని ఫోన్లో ఏడ్చింది. అప్పుడు నవ్వాను.

తర్వాత లాక్‌డౌను. మందుల షాపు కాబట్టి నాకు గుర్తింపు కార్డు ఉంది, తిరగనిచ్చేవాళ్లు. కానీ రోజంతా దగ్గేవాళ్లూ, జ్వరాల వాళ్లూ నా కౌంటరు దగ్గరే. ఆ చేతులతో అక్క ఇంటికి పోవడం మంచిది కాదని పోవడం మానేశాను. ఫోన్లోనే జాగ్రత్తలు చెప్పేదాన్ని. షాపులో జనం తగ్గగానే ఫోను తెరిచి కరోనా గురించి కనపడినదల్లా చదవడం, భయపడడం, అది అక్కకు చేరవేయడం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఉండేది నా తెలివి. మార్చి నెలాఖరున ఒకరోజు ఏదో చదివి గుండె ఆగినంత పనై, రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను.

అక్క జాగ్రత్తలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. పాల ప్యాకెట్లు సబ్బునీళ్లలో ముంచేది, సరే. కాకరకాయలు కూడా బట్టల సబ్బుతో తోమేది. అన్నంలో నురగ వస్తోందని మా బావ ఫోను చేసి మరీ చెప్పాడంటే ఎంత నురగ వచ్చిందో మీరే అనుకోండి. పిండి కిటికీలోంచి గరిటెతో పోసేది. వార్డు వాలంటీరు ధనశేఖర్ ఇంటింటికీ తిరిగి ఎవరికేం జబ్బులున్నాయని రాసుకుంటుంటే, కళ్ల దాకా ముసుగు లాక్కొని, "మా ఇంట్లో అందరం ఉక్కు మాదిరి ఉండాము నాయనా" అని పంపేసిందట.

నాలుగో డోసు ఏప్రిల్ రెండున. ఆ ముందురోజు ఫోను చేశాను.

"ఆస్పత్రివాళ్లే వద్దన్నారు. ఈ గలాటా అంతా అయినాక పిలస్తామన్నారు" అంది.

నమ్మాను. చాలా చోట్ల అలా వాయిదాలు వేస్తున్నారని విన్నాను కాబట్టి నమ్మాను. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి జన్మలో ఒక్కసారి సరిగ్గా చెప్పింది, అదీ ఇందులో.

మే పదకొండున షాపులో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోను. ఆస్పత్రి సిస్టరు. "తాయమ్మగారి తాలూకు వాళ్లేనా? ఆమె నంబరుకు ఆరుసార్లు చేశాం, ఎత్తడం లేదు. కీమో ఆపేసి రెండు నెలలైంది. ఎందుకు రావడం లేదు?"

మీరే కదా వద్దన్నారు అన్నాను. మేమెందుకు వద్దంటాం, కీమో ఒక్కరోజు కూడా ఆపలేదు అంది.

షట్టరు సగం దించి ఉండగానే బయటపడ్డాను. జీవకోన నుంచి కొర్లగుంట దాకా ఎండలో నడిచాను. దారి పొడుగునా ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకున్నాను.

అక్క వసారాలో పిండి కలుపుతోంది. మెట్టు కిందే నిలబడ్డాను, మాస్కుతో, చేతికి గ్లౌజులతో. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. తిట్టబోయేవాళ్లకు అంతకంటే అన్యాయం ఉండదు. చెయ్యి తుడుచుకొని తల మీద గుడ్డ తీసేసింది.

"సూడే, జుట్టొచ్చేసింది!"

నిజమే, తలంతా నల్లగా నువ్వులు చల్లినట్టు మొలిచింది.

"రోగం వచ్చినప్పుడు పాయె. ఇప్పుడు మళ్లా వచ్చేసింది. అంటే రోగం పోయినట్టే గదా? సామి కొండ మూసుకున్నా నన్ను మర్సిపోలేదు."

"జుట్టు పోయింది రోగం వల్ల కాదు, మందు వల్ల! మందు ఆపేసినావు కాబట్టి మొలిసింది! పొద్దున ఆస్పత్రి నుంచి ఫోను చేసినారు. వాళ్లు నిన్ను రావద్దని ఎప్పుడన్నారో సెప్పు."

అక్క గిన్నె వైపు తిరిగింది. "ఉండు, పిండి పొంగతా ఉండాది."

"పొంగనీ! గడ్డ ఎట్లుండాది?"

అక్క దున్నపోతు మీద వాన కురిసినట్టు కలుపుతూనే ఉంది. లోపల మంచం మీద నుంచి మా బావ గొంతు వినపడింది. "పెరిగింది."

మూడు డోసులకు ఆ గడ్డ చింతగింజంత అయిందని డాక్టరే మెచ్చుకుంది.

"ఎంత?" అన్నాను.

"ఉసిరికాయంత ఉండాదేమో" అంది అక్క, పిండిని చూస్తూ. "జుట్టొస్తా ఉండాది గదా, అదీ పోతాదిలే అనుకుంటి."

"తెలిసి తెలిసి! చేత్తో తడిమి చూసుకుంటా కూడా! అక్కా, నీకు బుద్ధి ఉండాదా? నీకు ఆస్పత్రికి పోబాకని ఎవురు సెప్పినారు?"

"నువ్వే."

"నేనా?"

అక్క చెయ్యి కడుక్కొని, పోపుల డబ్బా వెనక నుంచి ఫోను తీసింది. ఏదీ వెతకలేదు, ఒక్క వేలితో నొక్కింది. నా గొంతు. వసారా అంతా నా గొంతు.

"అక్కా, ఇనుకో. నువ్వు కేన్సర్ మనిషివి. కీమో ఎక్కించుకున్నదానివి, నీ ఒంట్లో శక్తి ఉండదు. నీకు గానీ కరోనా వచ్చిందంటే ఇంక అంతే, నీలాంటోళ్లకు ఊపిరి మిషను గూడా పెట్టరంట. ఆస్పత్రుల నుంచే ఎక్కువ అంటుకుంటా ఉండాదంట. నువ్వు గడప దాటబాక, అర్థమయిందా? గడప దాటబాక..."

ఫోను లాక్కొని ఆపేశాను. కౌంటరు దగ్గర అందరికీ సలహాలిచ్చే గొంతే అది. ఒక్కచోట తడబాటు లేదు, ఒక్కచోట 'నాకు తెలియదు' అన్న మాట లేదు.

"నేను అంగడికి పోబాక, పెళ్లిళ్లకు పోబాక అని సెప్పినా. కీమోకు పోబాకన్నానా?"

"గడప దాటబాకన్నావు. ఆస్పత్రి ఏమన్నా గడపకు ఇవతల ఉండాదా?"

"దినామూ ఇంటాది దాన్ని" అన్నాడు బావ లోపల్నుంచి. "పిండి రుబ్బేది, అది ఇనేది."

ఆ మాటతో నాకు కోపం పెట్టుకోవడానికి మనిషి లేకుండా పోయింది. రోజూ అది విని భయపడుతూ, ముందు చూస్తే గడ్డ, బయట చూస్తే కరోనా, మధ్యలో ఈ గ్రైండరు దగ్గర కూర్చుని ఉంది మా అక్క. నాకు మందుల పేర్లు తెలుసు. వైద్యం తెలుసనుకున్నాను. నా మాటలో సగం నిజమే కావచ్చు. కానీ ఆస్పత్రికి రావాలా వద్దా అని ఆ ఆస్పత్రినే ఒక్క మాట అడగమని చెప్పాలని నాకు తోచలేదు. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది. గ్లౌజులున్నాయని ఊరుకున్నాను.

వెంటనే సిస్టరుకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. ఆమె మా అక్క మీద అరవలేదు, నాలా కాదు. "మీ భయం నిజమేనమ్మా, కీమో వల్ల శక్తి తగ్గుతుంది. అందుకే డోసుకు ముందు రక్తం చూస్తాం. మీకు వేరే దారి, వేరే గది పెట్టాం. కరోనా రావచ్చు, రాకపోవచ్చు. గడ్డ మాత్రం ఇప్పుడు ఉంది కదా?" అంది.

అక్క ఫోను దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "సిస్టరమ్మా, జుట్టొస్తే రోగం పోయినట్టు గాదా?"

"కాదమ్మా. గడ్డ పోయిందో లేదో డాక్టరు చూసి చెప్పాల్సిందే. జుట్టు చెప్పదు."

"మూడుతూర్లు మందెక్కించుకుంటి, ఈ మాట ఎవురూ సెప్పలే."

"మీరు అడగలేదు కదమ్మా."

"అడిగితే ఇదిగూడా తెలియదా అనుకుంటారని..." అంది అక్క. మూడు డోసులకూ ఆస్పత్రిలో డాక్టరు చెప్పినవాటికల్లా తలూపుతూ కూర్చున్నది ఇందుకా అని నాకు అప్పుడు తెలిసింది. పక్కనే కూర్చున్న నేను కూడా, నాకన్నీ తెలుసని ఏమీ అడగలేదు.

మర్నాడు ఎనిమిదింటికి రమ్మన్నారు. ఆస్పత్రి ఫైలు చూపిస్తే పోలీసులు వదిలేస్తారు. కానీ ఎలా పోవాలి? బస్సుల్లేవు, ఆటోలు లేవు. ఆ వీధిలో తిరగడానికి పాసు ఉన్న ఆటో ఒక్కటే, పక్కింటి ఢిల్లీబాబుది. ఢిల్లీబాబు పెళ్లాం యశోదమ్మ. ఆమెకు ఒక మాట చెబితే వీధికి మైకు పెట్టినట్టే.

"సచ్చినా ఆ ఇంట్లో అడగను" అంది అక్క.

"సచ్చేదాకా తెచ్చుకున్నావు గదా, ఇంకేంది మిగిలింది! నీకు పిండి ముఖ్యమా, పానం ముఖ్యమా?"

"పిండి లేకపోతే పానంతో ఏం జేసుకునేది?"

"అక్కా, నా నోట్లో మంచి మాట రాదు ఇప్పుడు!"

"ఎప్పుడు వచ్చింది గనక?"

ఇలా అరుచుకుంటూ ఉండగానే గోడ పక్కన గిన్నె చప్పుడైంది. యశోదమ్మ. పిండికి వచ్చి, ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఏమో. అక్క ఉలిక్కిపడి తలగుడ్డ కోసం తడుముకుంది. గుడ్డ పిండిలో పడింది.

"ఉండనీలే తాయమ్మా, ఎండలు" అంది యశోదమ్మ. "రేపు ఎన్ని గంటలకు ఆటో తెమ్మనేది? మా ఆయనకు సెప్తాను."

"ఏం ఆటో? యాడికి?" అంది అక్క. నేను తలకొట్టుకున్నాను.

"ఆస్పత్రికి. నీ సెల్లెలి అరుపులు అలిపిరి దాకా ఇనపడినాయి."

"అది... అది నాకు గాదు. నాకేముండాది? నా గుండు సామి మొక్కు యశోదమ్మా, నువ్వు లడ్డు గూడా తింటివి గదా..."

యశోదమ్మ గిన్నె కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. "గుండు సామికిచ్చినావు, సరే. కనుబొమ్మలు ఎవురికిచ్చినావు తాయమ్మా?"

అక్క వేళ్లతో కళ్ల పైన తడుముకుంది. మూడు నెలలుగా తలను చూసుకున్నాం గానీ, కల్యాణకట్టలో కనుబొమ్మలు గీయరన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మార్చి నాటికి అక్క మొహం మీద ఒక్క వెంట్రుక లేదు.

"మా పెద్దమ్మకు ఇదే వచ్చింటే సూసినాను, తెలియదా నాకు? వీధిలో అందరికీ తెలుసు" అంది యశోదమ్మ.

"తెలిసీ పిండి కొన్నారా?"

"ఎదురింటోళ్లు, మూలింటోళ్లు మానేసినారు. పోనీ, వాళ్ల దోసెలు అట్టల మాదిరి వస్తా ఉండాయి. మాకేంది, పులుపు బాగుండాదా లేదా సూస్తాం. నువ్వుగా సెప్పిందాకా అడక్కూడదని ఊరుకుంటిమి."

అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. ఒంటి కాలి మీద లేచింది. "మూడు నెల్లు ఈ ఎండలో నెత్తి మీద గుడ్డేసుకుని ఉడికి సచ్చినాను! తెలిస్తే తెలిసిందని ఒక్క మాట సెప్పకూడదా? మనుసులేనా మీరు?"

"మంచికి పోతే ఇదీ" అని యశోదమ్మ నన్ను చూసింది. నేను మా ఖర్మ అన్నట్టు చెయ్యి తిప్పాను. అక్క గిన్నె నిండా పిండి పోసి, పైన ఇంకో గరిటె పోసి, "ఏడున్నరకు తెమ్మను" అంది.

ఢిల్లీబాబు సీటుకూ తనకూ మధ్య ప్లాస్టిక్ పట్టా కట్టి తెచ్చాడు. డాక్టరు గడ్డ చూసింది, రక్తం పరీక్ష చేయించింది. తర్వాత చెప్పింది. మూడు డోసుల్లో తగ్గినదాంట్లో సగానికి పైగా మళ్లీ పెరిగింది, మందు మార్చాలి, ఇక గడ్డ ఒక్కటే తీసి రొమ్మును నిలపడం కుదరకపోవచ్చు. అక్క ఈసారి తలూపలేదు. "అర్థం కాలేదమ్మా, ఇంకోతూరి సెప్పండి" అంది. డాక్టరు మళ్లీ చెప్పింది, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

ఉత్కంఠ పెట్టి చంపడం నాకు చేతకాదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను, అక్క బతికింది. మిగతా డోసులన్నీ ఒక్కటి తప్పకుండా పడ్డాయి. సెప్టెంబరులో ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం తీసేశారు. ఇప్పటికీ పిండి రుబ్బుతోంది, ఇప్పటికీ నా మాట వినదు. మూలింటివాళ్లు మళ్లీ పిండికి వస్తున్నారు. పోయిన రొమ్ము మాత్రం నా వాయిస్ మెసేజ్ ఖాతాలోనే పోయిందని నాకు తెలుసు. అక్క ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అనుంటే దెబ్బలాడి తేల్చుకునేదాన్ని.

కానీ నేను చెప్పాలనుకున్నది ఢిల్లీబాబు ఆటోలో పోయిన ఆ రోజు ఆస్పత్రి వరండాలో జరిగింది. కరోనా కాబట్టి మందెక్కించే గదిలోకి తోడు వచ్చినవాళ్లను రానివ్వలేదు. అక్క చెవి కమ్మలు, ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాను. ముందు ఆ మెసేజ్ చెరిపేద్దాం, ఇంకెప్పుడూ ఆ దరిద్రం వినకుండా చేద్దామని ఫోను తెరిచాను. చెరిపే ముందు, ఎంత పిచ్చి వాగుడు వాగానో పూర్తిగా విందామని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఇంట్లో సగంలోనే ఆపేశాను కదా.

గడప దాటబాక, గడప దాటబాక అని రెండుసార్లు అరిచాను. తర్వాత కాసేపు ఏమీ లేదు. షాపు ఫ్యాను చప్పుడు. నేను ముక్కు చీదిన చప్పుడు. తర్వాత నా గొంతే, కానీ కౌంటరు గొంతు కాదు. ఆరేళ్ల పిల్ల గొంతు.

"నీకేమన్నా అయితే నాకు ఎవురుండారక్కా? అమ్మ పోయినప్పుడు నువ్వుండావు. నువ్వు పోతే నాకెవురుండారు సెప్పు? నాకు జడేసేదానికి గూడా ఎవురూ లేరు. నువ్వు గమ్మున ఇంట్లో ఉండు. నాకోసరం ఉండు."

ఆ మాటలు అన్నట్టు నాకు గుర్తే లేదు. ఆ రోజు షాపులో జనం వచ్చి పడ్డారు, పెట్టేసి మర్చిపోయాను. అక్క మర్చిపోలేదు. రోజూ పిండి రుబ్బుతూ విన్నది కరోనా భయం కాదు, ఇది. నాకోసరం ఉండమన్నాను. ఉంది. ఒంట్లో గడ్డ పెరుగుతోందని చేత్తో తడుముకుంటూ కూడా, చెల్లెలు అడిగింది కదా అని గడప లోపలే ఉంది.

మెసేజ్ చెరపలేదు. బెంచీ మీద అలాగే కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఎప్పుడు వచ్చిందో అక్క, ముంజేతికి దూది అంటించుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఏమే, ఏడస్తా ఉండావా?"

"లేదు. ఫినాయిల్ వాసన, కళ్లు మండతా ఉండాయి."

"నీకు అబద్ధం ఆడేది నాపాటి గూడా రాదు" అంది అక్క. నా చేతిలోంచి ఫోను తీసుకుని, మెసేజ్ ఉందో లేదో చూసుకుని, రవికలో దోపుకుంది. తర్వాత తన సంచిలోంచి కొత్త మాస్కు ఒకటి తీసి నా ఒళ్లో పడేసింది.

"అది మార్సుకో. తడిసిన మాస్కు పనిజెయ్యదని నువ్వే గదా సెప్పినావు."